నలభై రెండేళ్లకే ఉద్యోగం మానేయవచ్చా? లెక్క చూసి చెప్పండి

నలభైరెండు: నాకు 27 ఏళ్లు. ఊరు సోంపేట దగ్గర, ఉద్యోగం హైదరాబాదులో. చేతికి 60 వేలు వస్తాయి. ముగ్గురం ఒక గదిలో సర్దుకుంటున్నాం. 22 వేలతో నెల గడిపి 38 వేలు దాస్తున్నాను. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఈ 22 వేలు 15 ఏళ్లకు సుమారు 53 వేలవుతాయి. అప్పటి ఏడాది ఖర్చుకు 25 రెట్లు, అంటే కోటీ 58 లక్షలు కావాలి. పెట్టుబడి మీద 10 శాతం వస్తే దాదాపు అంతే పోగవుతుంది. తప్పుంటే చెప్పండి.

రాజాం మాస్టారు: తప్పు ఆ 25 రెట్లలోనే ఉంది బాబూ. విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు 1994లో చెప్పిన 4 శాతం సూత్రం అది: పోగేసిన దాంట్లో మొదటి ఏడాది 4 శాతం, ఆపైన ధరలు పెరిగినంత పెంచుకుంటూ తీసి వాడుకుంటే డబ్బు మధ్యలో అయిపోదని. ఆయన చూసింది అమెరికా మార్కెట్లను, లెక్క వేసింది 30 ఏళ్లకు. నువ్వు 85 ఏళ్లు బతికితే 43 ఏళ్లు గడవాలి.

బొబ్బిలి: పీపీఎఫ్‌లో, అదే ప్రభుత్వ పొదుపు పథకంలో వేసుకో తమ్ముడూ, నిశ్చింతగా ఉంటుంది.

నలభైరెండు: అందులో ఏడాదికి లక్షన్నరకు మించి వేయనివ్వరు అన్నా. నేను దాచేది 4 లక్షల 56 వేలు. మాస్టారూ, 25 చాలదంటే 30 రెట్లు పెట్టుకుంటాను, రెండు మూడేళ్లు ఆలస్యమవుతుంది. అంతేగా?

రాజాం మాస్టారు: అంతే కాదు. ఆ 22 వేలు పెళ్లికాని కుర్రాడి ఖర్చు. పిల్లల చదువులు, ఆసుపత్రి ఇందులో ఎక్కడున్నాయి? ముందు ఆ 4 శాతం సంగతి తేల్చు.

ఉద్దానం: మా నాన్న కొబ్బరితోటే తన పింఛను అనుకున్నాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో చెట్లన్నీ పడగొట్టింది. మళ్లీ మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు. కాగితం మీద 10 శాతం రాసుకోవడం తేలిక.

రాజాం మాస్టారు: అదే నేనూ అంటున్నది. పైగా వయసులో ఉన్నవాడికి పని చేయడం భారమా? నేను 36 ఏళ్లు పాఠం చెప్పాను.

నలభైరెండు: మీకు పాత పింఛను ఉంది మాస్టారూ! 2004 సెప్టెంబరు నుంచి రాష్ట్ర ప్రభుత్వోద్యోగంలో చేరినవాళ్లకు అదీ లేదు. మా నాన్న జనపనార మిల్లులో 22 ఏళ్లు పనిచేశాడు. ఒక ఉదయం వెళ్తే గేటుకు తాళం వేసి ఉంది. బకాయిల కోసం మూడేళ్లు ఆ గేటు దగ్గరే నిలబడ్డాడు. పని భారమని నేను ఎక్కడ అన్నాను? తాళం వేసిన రోజు ఒకరిని చేయి చాచి అడగకూడదు, అంతే.

జీడితోట: ఇప్పుడు అసలు మాట వచ్చింది. ఆ 22 వేలల్లో ఇంటికి ఎంత పంపుతున్నారు?

నలభైరెండు: 4 వేలు. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

జీడితోట: ఇంటి దగ్గర అమ్మానాన్నలను ఎవరు చూస్తున్నారు?

నలభైరెండు: చెల్లెలు.

జీడితోట: నేనూ అలాంటి చెల్లెలినే. నాన్నకు కిడ్నీలు పాడైతే వారానికి రెండుసార్లు పలాస తీసుకెళ్తాను. చికిత్సకు డబ్బు తీసుకోరు. కానీ ఆ రెండు రోజులూ జీడిపప్పు బట్టీలో నా కూలి పోతుంది. అన్నయ్య మీలాగే దాస్తాడు. ఇంకో 5 వేలు అడిగితే తన లెక్క తప్పుతుందన్నాడు. నేను మానేసిన పని ఎవరి లెక్కలోనూ లేదు.

రాజాం మాస్టారు: అమ్మా, అది వేరే విషయం. బెంగెన్ సూత్రం మన దేశానికి...

జీడితోట: వేరే విషయం కాదు మాస్టారూ. ఇంట్లో ఒకరు జీతం లేకుండా చేస్తున్నారు కాబట్టే ఇంకొకరికి 38 వేలు మిగులుతున్నాయి.

నలభైరెండు: నేను ఎవరి సొమ్మూ తినలేదు. మా చెల్లెలు ఎప్పుడూ ఏమీ అడగలేదు.

ఉద్దానం: అడగరు తమ్ముడూ.

నలభైరెండు: రాత్రి కూర్చుని మళ్లీ లెక్క వేశాను. ఇంటికి ఇంకో 8 వేలు పంపితే ఖర్చు 30, పొదుపు 30. అదే 6 శాతం, అదే 10 శాతం, అదే 25 రెట్లు. 42 కాదు, 52 వస్తోంది. ఎనిమిది వేలకు పదేళ్లు పోతాయని అనుకోలేదు. జీతం పెరిగితే కొంత తగ్గుతుందేమో. పదేళ్లు వదులుకోవడం నాకు ఇష్టం లేదు, ఆ మాట దాచను. ఐదు వేలు పెంచుతాను.

జీడితోట: ఐదో ఎనిమిదో ఇక్కడ కాదు, ఆమెను అడగండి.