కలర్ పెన్సిళ్లు: చవకలో 48 రంగులు కొనాలా, మంచివి 12 కొనాలా?

బొమ్మలపిచ్చి:
అందరికీ నమస్కారం. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ ఓ గంట పక్షుల బొమ్మలు వేసుకుంటాను. ఇన్నాళ్లూ మా అబ్బాయి స్కూలు పెట్టెలో మిగిలిన పెన్సిళ్లతోనే లాగించాను. నెల రోజులుగా పాలపిట్టతో కుస్తీ పడుతున్నా. రెక్కలో ఆ నీలం రాదు, ఎంత రుద్దినా వెలిసిన చొక్కా రంగే వస్తోంది. రెండు వేలు పక్కన పెట్టాను. పిల్లలు వాడే 48 రంగుల పెట్టె చాలని ఒక మిత్రుడు, ఆర్టిస్టులు వాడే రకం 12 కొనుక్కోమని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

డ్రాయింగ్_మాస్టారు:
ముందు కాగితం మార్చండి. పాతికేళ్లుగా ఉన్నత పాఠశాలలో డ్రాయింగు చెబుతున్నాను. 'ఎంత రుద్దినా' అన్నారంటే మీది జిరాక్స్ కాగితమే అయ్యుంటుంది. దాని మీద రెండు పొరలు పడేసరికి నున్నగా జారుతుంది, మూడోది పట్టదు. కాస్త గరుకున్న మందపాటి (150 జీఎస్‌ఎం) డ్రాయింగు షీటు తెచ్చి అవే పెన్సిళ్లతో గీసి చూడండి.

మా పిల్లలు డామ్స్, క్యామ్లిన్ పెన్సిళ్లతో బంగినపల్లి మామిడిపండు వేస్తే చేతిలోకి తీసుకోబుద్ధవుతుంది. నీడ వైపు నలుపు ముట్టనివ్వను. పసుపు మీద లేత ఊదా, చేతి బరువు పడకుండా ఒక్క పూత. రెండూ కలిసి గోధుమ రంగుకి తిరుగుతాయి, పండు గుండ్రంగా లేస్తుంది. దీనికి విదేశీ పెన్సిలు ఎందుకండీ? ఒక్కోటి వంద దాటుతుంది.

కిటికీపక్కన:
మాస్టారూ, కాగితం సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. నా బాధ వేరు. అమ్మ అరవయ్యో పుట్టినరోజుకి మా పెరటి కాగితప్పూల కొమ్మ గీసి, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. 72 రంగుల చవక పెట్టెతో మూడు వారాల పని. రెండేళ్లు తిరిగేసరికి పూలు లేవు. ఆకులున్నాయి, కాడ ఉంది, పూలున్న చోట బూడిద మరక. విప్పి చూస్తే ఫ్రేము అంచు కింద దాగిన పావు అంగుళంలో మాత్రం ఆ గులాబీ రంగు నిన్న వేసినట్టుంది. అది చూసి ఏడుపొచ్చింది.

ఆ వేసవిలోనే పెట్టెలోని ప్రతి రంగునీ అట్ట మీద ఒక పట్టీలా పూసి, సగం నల్ల కాగితంతో మూసి, ఎండ పడే కిటికీకి అంటించాను. మార్చి నుంచి జూన్ దాకా. గులాబీలు, ఊదాలు ముందు పోయాయి. ఓకర్ (మట్టి పసుపు), అంబర్ (ముదురు గోధుమ) లాంటి మట్టి రంగులు చెక్కుచెదరలేదు. ఆర్టిస్టు రకానికి ఎక్కువ డబ్బు పెట్టేది ఇందుకేనండీ. ఫేబర్-కాస్టెల్ కంపెనీ ఆర్టిస్టు రకం పాలిక్రోమోస్ పెన్సిలు మీద నక్షత్రాలుంటాయి, మూడుంటే ఆ రంగు వెలుతురుకి బాగా ఆగుతుందని. కలర్ పెన్సిళ్ల రంగు ఎంతకాలం ఆగుతుందో తేల్చడానికి ఏఎస్‌టీఎం డి6901 అని ప్రమాణమే ఉంది. నేను కొన్న చవక పెట్టెల మీద ఈ వివరం ఎక్కడా లేదు.

డ్రాయింగ్_మాస్టారు:
అమ్మగారి బొమ్మ సంగతి చదివి మనసు చివుక్కుమందమ్మా. కానీ ప్రతి బొమ్మా గోడెక్కదు కదా. మూసి ఉన్న నోటుపుస్తకంలోకి ఎండ రాదు. ఖరీదైన పెన్సిలు చేతికిస్తే అరిగిపోతుందని పిల్లలు గీయడానికే జంకుతారు, కళ్లారా చూశాను. మొదటి ఏడాది వంద బొమ్మలు పాడుచెయ్యాలి. దానికి చవక పెన్సిలే మంచిది. ఈ మాట దగ్గర నేను వెనక్కి తగ్గను.

పొరమీదపొర:
ములుకులో రంగుని పట్టి ఉంచేది మైనమా, నూనెనా అన్నది ఎవరూ ఎత్తలేదు. ఆర్టిస్టు పెన్సిళ్లలోనే ఇంకో బ్రాండు ప్రిస్మాకలర్ ప్రీమియర్ మైనం రకం. మెత్తగా, చిక్కగా పరుచుకుంటుంది, కానీ మొన తొందరగా మొద్దుబారుతుంది. ఒత్తి పూసిన చోట కొన్నాళ్లకి తెల్లటి పొర తేలుతుంది, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. పాలిక్రోమోస్ నూనె రకం, మొన నిలుస్తుంది. ఈకల అంచులు గీసేవాళ్లకి నేనైతే ఇదే చెబుతాను. ఏదైనా సరే కింద పడనివ్వకండి. లోపల ములుకు ముక్కలైతే చెక్కినప్పుడల్లా విరుగుతుంది.

కిటికీపక్కన:
బొమ్మలపిచ్చి గారూ, అయితే ఆ 12 పెట్టె కూడా వద్దు. పాలపిట్ట కూర్చున్నప్పుడు చాలామట్టుకు గోధుమ రంగే. రెక్క విప్పితేనే రెండు నీలాలు: ఒకటి ముదురు, ఒకటి ఆకుపచ్చ తిరిగిన లేత నీలం. పాలిక్రోమోస్‌లో 151 హీలియో బ్లూ రెడిష్, 153 కోబాల్ట్ టర్క్వాయిజ్, తోడుగా 101 తెలుపు విడిగా దొరికితే తెచ్చుకోండి. గోధుమ రంగులు మీ పాత పెట్టెలోవే వాడండి, నా అట్ట మీద చవక గోధుమ రంగులు నిలబడ్డాయి.

డ్రాయింగ్_మాస్టారు:
మూడే అయితే నాకూ అభ్యంతరం లేదు.

బొమ్మలపిచ్చి:
మాస్టారూ, మీరన్నది నిజం, జిరాక్స్ కాగితమే. గరుకు షీట్లు, అక్క చెప్పిన మూడు పెన్సిళ్లు తెచ్చాను. రెండు వేలలో సగం పైనే మిగిలింది. నిన్న రాత్రి ఒక్క రెక్కే వేశాను. ముదురు నీలం నాలుగు పొరలు పట్టింది. దాని పక్కన టర్క్వాయిజ్ పడగానే మా అబ్బాయి చదువుతున్న పుస్తకం వదిలేసి వచ్చి నిలబడ్డాడు. వాడి పాత పెట్టెలోని రంగులన్నీ అట్ట మీద పూసి, సగం మూసి, వంటింటి కిటికీకి అంటించాం. పాలపిట్టను చూసే రోజు కాబట్టి దసరా నాడే విప్పి, ఫొటో ఇక్కడ పెడతాను.