‘కాచి యతుకవచ్చు గ్రమముగాను’: చివరి మాట యతి కోసమేనా?

విజయనగరం నుంచి ప్రశ్న:
మా అబ్బాయికి వేమన పద్యం చెప్తున్నాను.

ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు
కాచి యతుకవచ్చు గ్రమముగాను

ఆటవెలదిలో నాలుగో గణానికి యతి పడాలి కాబట్టి ‘కా’కి ‘గ్ర’ కుదిర్చారని, అంతకుమించి ఆ మాటకి పని లేదని ఒక మాస్టారు అన్నారు. నిజమేనా అండీ?

శ్రీకాకుళం నుంచి జవాబు:
యతికి కుదిరిన మాటేనండి. కానీ ‘గ్రమముగాను’ అంటే క్రమముగాను, వరస తప్పకుండా అని. కొలిమి దగ్గర నిలబడి చదివితే బరువంతా దాని మీదే ఉంది. విరిగిన కొసలు కాచాలి, చిట్టెం రాలగొట్టాలి, వెలిగారం చల్లి మళ్లీ కాచాలి, దాగలి మీద ముందు మెల్లగా, తర్వాత గట్టిగా కొట్టాలి. ఇందులో ఏది ముందువెనకలైనా అతుకు నిలవదు.

నాకు అంతకన్నా ఇష్టమైనది ‘ఇనుమారు ముమ్మారు’. నేను లోహాల ల్యాబ్‌లో పని చేస్తాను కాబట్టి ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. 912 డిగ్రీల దగ్గర ఇనుములో పరమాణువుల అమరిక మారిపోతుంది. ఉక్కులో ఇంకా తక్కువ వేడికే మొదలవుతుంది. లోహం లోపల పలుకుల్లా ఉండే పాత రేణువులు పోయి కొత్తవి పుడతాయి, చల్లారేటప్పుడు మళ్లీ ఇంకోసారి. అందుకే కాస్త ఎక్కువ కాగి మొరటుబారిన ముక్కని కూడా సరైన వేడికి తిరిగి కాచి దారికి తేవచ్చు. రెండోసారి, మూడోసారి అవకాశం ఇనుముకి ఇచ్చింది ఆ మార్పే. తెల్లగా కాగి రవ్వలు రాలిన కొసని మాత్రం నరికి పారెయ్యాల్సిందే.

ఇదే పద్యంలో టంగ్‌స్టన్ పెట్టి చూడండి, నిలవదు. అది కరిగేది 3,422 డిగ్రీలకి. అంతవరకూ దాని అమరిక మారదు. కాబట్టి ఉత్త వేడితో మొరటు రేణువులు సన్నబడవు. అతిగా కాస్తే ఇంకా పెరుగుతాయి, చల్లారాక వాటి అంచుల వెంట పెళుక్కున విరుగుతుంది. అసలు కాచకుండా కొట్టినా విరుగుతుంది. 1910 ప్రాంతంలో అమెరికాలో విలియం కూలిడ్జ్ బల్బు తీగ కోసం దీన్ని లొంగదీశాడు. మొదట బాగా కాచి కొట్టడం, సన్నబడేకొద్దీ వేడి తగ్గించుకుంటూ రావడం, అదీ పద్ధతి. అచ్చంగా క్రమముగానే!

పాలకొండ నుంచి:
అయితే అమరిక మారడం ఎప్పుడూ మేలేనా? కంచు, ఇత్తడి సామాన్లకి పేరున్న బుడితి మాకు దగ్గరే, కంచు సంగతి కూడా చెప్పండి.

శ్రీకాకుళం నుంచి:
ఎప్పుడూ మేలు కాదండి. టంగ్‌స్టన్‌లో రీనియం అనే లోహాన్ని నూటికి సుమారు 26 పాళ్ల వరకు కలిపితే బాగా సాగుతుంది. అది మించితే సిగ్మా అనే పెళుసు దశ, అంటే వేరే అమరిక ఉన్న భాగం, పుట్టి సమ్మెటకి పనికిరాకుండా పోతుంది.

బుడితిలో ఎవరి పాళ్లు వారివి, వాటి గురించి నేను చెప్పను. నూటికి 22 పాళ్లు తగరం ఉన్న కంచు అయితే ఎర్రగా కాగినప్పుడు చక్కగా సాగుతుంది. నెమ్మదిగా చల్లారి 520 డిగ్రీల కిందికి దిగితే పెళుసు దశ తయారై, దెబ్బకి పగులుతుంది. ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచితే ఆ దశ పుట్టడానికి వ్యవధి ఉండదు. ఉక్కుని అలా ముంచితే పెళుసెక్కుతుంది, ఈ కంచుకేమో పెళుసు తగ్గుతుంది.