హెచ్‌డీ ఛానెళ్లు పెంచుతున్నారు సరే, ఎస్‌డీని ఇంకా ఎందుకు మోస్తున్నారు?

పెన్నా_ఒడ్డు

మా డీటీహెచ్ వాళ్లు హెచ్‌డీ ఛానెళ్లు ఇంకా పెంచామని మెసేజ్ పెట్టారు. తీరా చూస్తే కొత్తగా చేరినవాటిలో మా ఇంట్లో చూసేవి దాదాపు లేవు. బిల్లు మాత్రం పెరిగింది. ఇది ఒక్క కంపెనీ గోల కాదులెండి, అందరూ ఈ అంకెల పోటీలోనే ఉన్నారు.

నా ప్రశ్న వేరే. జెమిని, ఈటీవీ, స్టార్ మా, జీ తెలుగు నాలుగూ ఎస్‌డీలో (పాత, తక్కువ స్పష్టత బొమ్మ) ఉన్నాయి, హెచ్‌డీలోనూ (ఎక్కువ స్పష్టత) ఉన్నాయి. అదే సీరియల్, అదే టైము, అదే యాంకరమ్మ. మరి రెండు సరుకులుగా ఎందుకు అమ్ముతున్నారు? ఇప్పుడు షాపులో చిన్న 32 అంగుళాల టీవీ కొన్నా హెచ్‌డీ బొమ్మ చూపిస్తుంది. గడువు పెట్టి ఎస్‌డీ వెర్షన్లు మూసేయాలి, ఎస్‌డీ రేటుకే హెచ్‌డీ ఇవ్వాలి అని నా వాదన. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

మాచర్ల_మిడ్‌వికెట్

నా ఓటు నీకే అన్నా. ఎస్‌డీలో క్రికెట్ చూడటం అంటే బంతి ఎటు పోయిందో కెమెరా తిరిగిన వైపు చూసి ఊహించుకోవడమే. స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు 2018 చివర్లో వచ్చినప్పుడు ఎంత సంబరపడ్డామో! కానీ అది ఎస్‌డీ. తెలుగు కామెంటరీ కావాలంటే మసక బొమ్మ, మంచి బొమ్మ కావాలంటే హిందీ, ఇంగ్లిష్. తెలుగులో హెచ్‌డీ వచ్చేదాకా చాలా సీజన్లు అలాగే నెట్టుకొచ్చాం. హెచ్‌డీ ఛానెళ్లు పెంచడం అంటే ఇలాంటివి పెంచాలి. ఎవరూ అడగని లైఫ్‌స్టైల్ ఛానెళ్లు ఎందుకు?

ఎల్‌సీఓ_తెనాలి

నేను కేబుల్ ఆపరేటర్ని. నెలనెలా గుమ్మం ముందు నిలబడి కలెక్షన్ చేసేవాడిగా చెబుతున్నా, ఎస్‌డీ మూసేయడం మీరు అనుకున్నంత తేలిక కాదు.

కేబుల్ డిజిటల్ అయింది దశలవారీగా. హైదరాబాద్, విశాఖ రెండో దశలో, 2013లో. మాలాంటి ఊళ్లు, పల్లెలు మూడు, నాలుగు దశల్లో. గడువు తరుముతుంటే చవగ్గా దొరికిన బాక్సులు తెచ్చి బిగించాం, అవి ఎక్కువగా ఎస్‌డీ బాక్సులే. ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. రేపు ఎస్‌డీ ఆపేస్తే వాటన్నిటినీ మార్చాలి. డబ్బు ఎవరిస్తారు? నాకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీ, అదే ఎంఎస్‌ఓ, నన్ను అడుగుతాడు, నేను కస్టమర్ని అడగాలి. నెల బిల్లులో పది రూపాయలు పెరిగితేనే "ఏవయ్యా, మళ్లీనా" అంటారు. కొత్త బాక్సు కొనమంటే వైరు పీక్కుపొమ్మంటారు.

ఇంకో సంగతి. హెచ్‌డీ ప్యాక్ కట్టి, హెచ్‌డీ బాక్సు పెట్టుకుని, బాక్సు నుంచి టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ వైరు తగిలించుకున్న ఇళ్లు నా ఏరియాలోనే బోలెడు. ఆ వైరులో వచ్చేది ఎస్‌డీ బొమ్మే. హెచ్‌డీఎంఐ కేబుల్ వేస్తే తప్ప కట్టిన డబ్బుకి ఫలితం ఉండదు. వెళ్లిన ప్రతిచోటా నేను మారుస్తూనే ఉన్నాను. చాలామంది మొదట గమనించేది బొమ్మ స్పష్టతని కాదు, "సౌండు తగ్గిందేంటి" అంటారు.

పెన్నా_ఒడ్డు

> డబ్బు ఎవరిస్తారు?

ఛానెళ్ల యజమానులు ఇవ్వొచ్చుగా. 2019 ఫిబ్రవరిలో టెలికాం, టీవీ నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ అమల్లోకి వచ్చినప్పుడు పెద్ద ఛానెళ్లు చాలావరకు ఎస్‌డీకి నెలకి 19 రూపాయలు పెట్టాయి, హెచ్‌డీకీ అదే 19. రెండూ ఒకే రేటుకి అమ్మగలిగారంటే హెచ్‌డీకి అదనపు ఖర్చు లేదన్నట్టేగా?

ఎల్‌సీఓ_తెనాలి

అక్కడే లెక్క తిరగబడింది తమ్ముడూ. 19 దాటిన ఛానెల్‌ని బొకేలో, అంటే కట్టగా అమ్మే ఛానెళ్ల ప్యాక్‌లో, కలపకూడదని అప్పటి రూలు. బొకేలో లేకపోతే ఛానెల్ జనంలోకి వెళ్లదు. కాబట్టి గట్టి ఛానెల్ ప్రతిదీ ఆ గీత దగ్గరకే వచ్చి కూర్చుంది. హెచ్‌డీ చవకై 19కి దిగలేదు, ఎస్‌డీని 19కి ఎక్కించారు. అంతకుముందు మాకు ఎస్‌డీ ఛానెళ్లు హోల్‌సేల్‌లో పడ్డ ధర ఇందులో చిన్న ముక్క. తర్వాత ఆ పరిమితిని 2020లో 12కి దించారు, కోర్టుల చుట్టూ తిరిగారు, 2022 నవంబర్‌లో మళ్లీ 19 చేశారు. ఈ గొడవంతా చూసినవాణ్ణి. ఎస్‌డీ మూసేస్తే హెచ్‌డీని ఎస్‌డీ రేటుకి ఇస్తారన్న నమ్మకం నాకు లేదు. చవకది కనబడకుండా పోతుంది, అంతే.

ట్రాన్స్‌పాండర్_తాత

నేను ఉపగ్రహ ప్రసారాల్లో పనిచేసి రిటైరయ్యాను. ధరల సంగతి మీరు తేల్చుకోండి. స్థలం సంగతి నేను చెబుతా, ఎందుకంటే అసలు చిక్కు అక్కడుంది.

ఎస్‌డీ బొమ్మ 720 బై 576 చుక్కలు. హెచ్‌డీ 1920 బై 1080. గుణించి చూడండి, సరిగ్గా అయిదు రెట్లు. కుదించి పంపుతాం కాబట్టి స్థలం అయిదు రెట్లు పట్టదు, మూడు నాలుగు రెట్లు పడుతుంది. కానీ 2019లో అమల్లోకి వచ్చిన నిబంధనల్లో, కనెక్షన్‌కి నెలనెలా కట్టే నెట్‌వర్క్ ఛార్జీ లెక్కకి ఒక హెచ్‌డీ ఛానెల్ అంటే రెండు ఎస్‌డీ ఛానెళ్లతో సమానం అన్నారు. మూడింతల చోటు తీసుకునేదానికి రెండింతల అద్దె. అలాంటప్పుడు ఆపరేటరు ఏం చేస్తాడు? హెచ్‌డీకి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వడు.

ఉపగ్రహంలో సిగ్నల్ అందుకుని తిరిగి కిందికి పంపే పరికరం ట్రాన్స్‌పాండర్. ఒక్కోదానిలో ఇప్పటి పద్ధతుల్లో సెకనుకి సుమారు 50, 60 మెగాబిట్లు పంపొచ్చు. బొమ్మని కుదించే కొత్త పద్ధతి ఎంపెగ్-4లో మంచి హెచ్‌డీకి ఎనిమిదేసి ఇస్తే ఆరేడు ఛానెళ్లు పడతాయి. వ్యాపారం ఆరేడుతో ఆగదు. పది, పన్నెండు కుక్కుతారు. షేర్ ఆటో తెలుసుగా, ఎంతమంది ఎక్కినా "ఇంకొక్కరు సర్దుకోండి" అంటాడు, అలాగే. ఒక ఛానెల్లో వార్తలు చదివే మనిషి కదలకుండా కూర్చుంటే దాని వాటా బిట్లు తీసి పక్క ఛానెల్లో క్రికెట్‌కి ఇస్తారు. మూడు ఛానెళ్లలో ఒకేసారి డాన్సులు, ఫైట్లు వస్తే అందరికీ కొరతే. తెరమీద చతురస్రాల గళ్లు పడేది అప్పుడే. పేరుకి హెచ్‌డీ, లెక్కకి హెచ్‌డీ. 100 హెచ్‌డీ ఛానెళ్లు అని ప్రకటన వేసేవాళ్లు ఒక్కో ఛానెల్‌కి ఎన్ని బిట్లు ఇస్తున్నారో ఎక్కడా వేయరు.

స్థలం ఊరికే పుట్టదు. 2022 జూన్‌లో ఫ్రెంచ్ గయానా నుంచి జీశాట్-24 ఎగిరింది, 24 ట్రాన్స్‌పాండర్లతో. దాని సామర్థ్యం మొత్తాన్నీ టాటా ప్లేకే లీజుకిచ్చారు. ఒక డీటీహెచ్ కంపెనీకి ఒక ఉపగ్రహం! అందులో ఒక్కోదానికి ఏడు చొప్పున ఒద్దికైన హెచ్‌డీ పెడితే 168 ఛానెళ్లు. వినడానికి పెద్ద సంఖ్యే, కానీ దేశంలోని భాషలన్నీ తలుచుకోండి.

అందుకే పెన్నా_ఒడ్డుతో సగం ఏకీభవిస్తాను. రెండో కాపీగా మోస్తున్న ఎస్‌డీ మొత్తం తీసేస్తే ఆ చోటు హెచ్‌డీకి వస్తుంది, బొమ్మ నిజంగా బాగుపడుతుంది. ధర తగ్గుతుందని మాత్రం నేను అనను.

ఫైబర్_పిల్ల

తాతగారూ, వివరణ సూపర్. కానీ మీరంతా పోయే బండికి రంగు గురించి కొట్టుకుంటున్నారు. 2020 చివర్లో డీటీహెచ్ చందాదారులు 7 కోట్ల దగ్గర ఉండేవారు, 2025 మార్చికి 6 కోట్ల లోపుకి దిగారు. ట్రాయ్ నివేదికల్లోనే ఉంది. 2023 ఐపీఎల్‌ని జియోసినిమా ఉచితంగా, హెచ్‌డీ కంటే స్పష్టమైన 4కేలో ఇచ్చింది. డబ్బు కట్టి టీవీ హెచ్‌డీ (1080ఐ) చూసేవాడిని ఏమనాలి? హైదరాబాద్‌లో మా ఫ్లోర్‌లో గోడకి డిష్ ఉన్న ఇల్లు ఒక్కటే, అదీ మా ఓనర్ ఆంటీది.

మాచర్ల_మిడ్‌వికెట్

అక్కా, మా ఊళ్లో సూపర్ ఓవర్ టైములో నెట్ తిరుగుతూ ఉంటుంది, ఆ గుండ్రం చూస్తూ కూర్చోవాలి. పక్కింట్లో డిష్ వాళ్లు అరిచాక అరనిమిషానికి మాకు సిక్స్ కనబడుతుంది. ఉచితం సంగతి కూడా ఆ తర్వాత ఏమైందో చూశాంగా.

నిజామాబాద్_నాగలి

ఇక్కడ అందరూ తమ ఇంటి టీవీ గురించే మాట్లాడుతున్నారు. మా ఇంట్లో హాల్లో పెద్ద టీవీ, వెనక గదిలో మా అమ్మ చూసే పాత డబ్బా టీవీ ఉన్నాయి. ఆమె ప్యాక్‌లో తెలుగు ఛానెళ్లు, భక్తి ఛానెళ్లు చాలు. బొమ్మ మసగ్గా ఉందని ఆమె ఎప్పుడూ అనలేదు, రిమోట్‌లో నంబర్ మారిస్తే మాత్రం ఊరుకోదు. అలాంటివాళ్ల మీద హెచ్‌డీ ఎందుకు రుద్దాలి? ఆమె అడగనిదానికి ఆమె పెన్షన్‌లోంచి ఎందుకు కట్టాలి?

పెన్నా_ఒడ్డు

నాగలి అన్నా, హెచ్‌డీ బాక్సుకి ఏవీ వైరు తగిలిస్తే డబ్బా టీవీలోనూ బొమ్మ వస్తుంది. ఇందాక తెనాలి అన్న చెప్పింది అదేగా. అమ్మగారి టీవీ మార్చక్కర్లేదు, బాక్సు మారిస్తే చాలు. నంబర్ మారకుండా చూసుకోవడం కంపెనీ చేతిలో పని.

నిజామాబాద్_నాగలి

బాక్సు మారిస్తే రిమోట్ మారుతుంది, రిమోట్ మారితే పొలంలో ఉన్న నాకు ఫోన్లు. నువ్వొచ్చి నేర్పిస్తావా?

క్రాయిడన్_కాకినాడ

ఇక్కడ బ్రిటన్‌లో జరిగింది చెబుతాను, వాదనకి పనికొస్తుందేమో. బీబీసీ ఉపగ్రహం మీద తన ఎస్‌డీ ఛానెళ్లని 2024 జనవరి 8న ఆపేసింది. ముందుగానే ప్రచారం చేసి, ఎస్‌డీలో చూస్తున్నవాళ్ల తెరమీద నోటీసులు వేసి ఆపింది. పాత బాక్సులవాళ్లు కొత్తవి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఫ్రాన్స్ అయితే ఇళ్లమీది యాంటెన్నాకి వచ్చే ప్రసారాలన్నిటినీ 2016 ఏప్రిల్ 5న ఒక్కరోజులో ఎంపెగ్-4కి, హెచ్‌డీకి మార్చేసింది. ఆకాశం కూలిపోలేదు. అయితే ఒక తేడా ఉంది: ఆ బీబీసీ ఛానెళ్లకి వేరే ప్యాక్ కొనక్కర్లేదు, లైసెన్స్ ఫీజు కడితే చాలు. హెచ్‌డీ చూసినా, ఎస్‌డీ చూసినా బిల్లు ఒకటే. ధర తేడా లేనిచోట మార్పు తేలిక.

ట్రాన్స్‌పాండర్_తాత

మంచి ఉదాహరణ. మన దగ్గర దానికి ఎదురు ఉదాహరణ డీడీ ఫ్రీ డిష్. నెల ఛార్జీ లేదు, కోట్ల ఇళ్లలో ఉంది, అందులో చాలావరకు పాత కుదింపు పద్ధతి ఎంపెగ్-2 బాక్సులే. ఎంపెగ్-4 స్లాట్లు ఇస్తున్నా, ప్రైవేటు ఛానెళ్లు వేలంలో ఎగబడేది ఎంపెగ్-2 స్లాట్ల కోసమే, ఎందుకంటే జనం అక్కడున్నారు. ఇంట్లో ఉన్న బాక్సు దేశం మొత్తం సాంకేతికతని పట్టి ఉంచుతుంది. 2007 చివర్లో వచ్చిన సన్ డైరెక్ట్ మొదటినుంచీ ఎంపెగ్-4 ఎంచుకుంది కాబట్టి ఆ తలనొప్పి లేదు. ఎంపెగ్-2తో మొదలైన టాటా స్కై (ఇప్పుడు టాటా ప్లే) లాంటి కంపెనీలకి తర్వాత బాక్సులు మార్చుకునే పని పడింది. మార్చారు కూడా. కాబట్టి అసాధ్యం అనకండి, ఖర్చుతో కూడిన పని అనండి.

ఫైబర్_పిల్ల

సరే, నేనూ ఒక ప్రశ్న. తెలుగు న్యూస్ ఛానెళ్లు యూట్యూబ్‌లో 1080లో తళతళలాడుతుంటాయి. అదే ఛానెల్ టీవీలో పెడితే కింద స్క్రోలింగ్ కూడా చదవలేం. కెమెరా, స్టూడియో ఒకటే కదా, ఎందుకలా?

ఎల్‌సీఓ_తెనాలి

క్యారేజ్ ఫీజమ్మా. న్యూస్ ఛానెళ్లు చాలావరకు ఫ్రీ. చందా డబ్బు రాదు, పైగా మోసినందుకు వాళ్లే ఆపరేటర్‌కి కట్టాలి. 2017 నిబంధనల ప్రకారం గరిష్ఠంగా ఒక్కో చందాదారుకి నెలకి ఎస్‌డీ అయితే 20 పైసలు, హెచ్‌డీ అయితే 40 పైసలు. యాడ్ రేటు హెచ్‌డీ అని రెట్టింపవదుగా, ఎవడు కడతాడు? 2024 జూలైలో ట్రాయ్ ఆ ఎస్‌డీ, హెచ్‌డీ తేడా తీసేసింది. అయినా మా లైన్‌లో తెలుగు న్యూస్ హెచ్‌డీ కోసం ఎవరూ క్యూ కట్టలేదు. యూట్యూబ్‌కి అయితే మోత కూలి లేదు, అందుకే అక్కడ తళతళ.

పెన్నా_ఒడ్డు

ఇంత విన్నాక కూడా నా మాట మీదే ఉన్నాను, చిన్న సవరణతో. అన్నీ ఒకేసారి వద్దు. ముందు ఎస్‌డీ, హెచ్‌డీ రెండూ ఉన్న పెద్ద ఛానెళ్ల దగ్గర మొదలుపెట్టాలి. ఒకే బొకేలో ఒక ఛానెల్ ఎస్‌డీ, హెచ్‌డీ రెండూ పెట్టకూడదని 2017లోనే రూలు పెట్టారు. ఆ ఆలోచననే ఇంకో అడుగు ముందుకి తీసుకెళ్లి, ఎస్‌డీ మూసే ఛానెల్ హెచ్‌డీ ధర పెంచకూడదని కొన్నేళ్లు కట్టడి చేయాలి. బాక్సు ఖర్చులో సగం బ్రాడ్‌కాస్టర్ భరించాలి.

ఎల్‌సీఓ_తెనాలి

సగం బ్రాడ్‌కాస్టర్ భరిస్తే మిగతా సగం నా నెత్తిమీదేగా! ఆ ముక్క కూడా రూల్లో రాయించు, అప్పుడు సంతకం పెడతా.

మాచర్ల_మిడ్‌వికెట్

తాతగారూ, మా ఛానెల్‌కి ఎన్ని బిట్లు ఇస్తున్నారో మన బాక్సులో చూసుకునే దారి ఏమైనా ఉందా? ఉంటే స్క్రీన్‌షాట్ తీసి కస్టమర్ కేర్‌కి పంపుతా.

ట్రాన్స్‌పాండర్_తాత

మామూలు బాక్సు మెనూలో సిగ్నల్ స్ట్రెంగ్త్, క్వాలిటీ కనబడతాయి, బిట్‌రేట్ సాధారణంగా కనబడదు. సిగ్నల్ క్వాలిటీ నిండుగా ఉండి కూడా కెమెరా వేగంగా తిరిగినప్పుడు గ్రౌండ్‌లో గడ్డి పచ్చటి ముద్దలా మారుతుంటే మీ డిష్ తప్పు కాదు, పైన బిట్లు తక్కువ ఇస్తున్నారు. టెక్నీషియన్ వచ్చి డిష్ సర్దుతానని డబ్బులడిగితే ఇవ్వకండి. అదే క్షణంలో అదే మ్యాచ్‌ని వేరే కంపెనీ కనెక్షన్ ఉన్న ఇంట్లో వీడియో తీయించి రెండూ పక్కపక్కన పెట్టి పంపండి.

మాచర్ల_మిడ్‌వికెట్

పక్కింటోళ్లది వేరే కంపెనీయే. ఆదివారం మ్యాచ్ ఉంది, తీసి ఇక్కడే పెడతా. కంపెనీ పేర్లు చెప్పను, ఏది ఎవరిదో మీరే కనుక్కోండి.