అమీలియా ఎడ్వర్డ్స్ గురించి తెలుగులో ఏమైనా ఉందా?

అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయంలో హైస్కూలు పిల్లలకు యాత్రా రచయిత్రుల గురించి చెబుతుంటాను. ఈసారి ఆంగ్ల రచయిత్రి, చిత్రకారిణి అమీలియా ఎడ్వర్డ్స్ (1831-1892) గురించి చెప్పాలని ఉంది. నవలలు రాసి పేరు తెచ్చుకున్న ఆమె 1873లో ఈజిప్టు చేరి, అద్దె పడవలో నైలు నది మీద, రాతిలో తొలిచిన ప్రాచీన ఆలయాలున్న అబూ సింబెల్ దాటి రెండో జలపాతం దాకా వెళ్లారు. ఆ ప్రయాణం గురించి తన బొమ్మలతోనే 1877లో పుస్తకం వేశారు.

అందులో ఒక ఘట్టం పిల్లలకు తప్పక నచ్చుతుంది. నకలు చేయడానికి ఎవరో అచ్చు తీసినప్పుడు అంటిన సున్నం వల్ల అబూ సింబెల్‌లో ప్రాచీన ఈజిప్టు రాజు రామ్సెస్ విగ్రహాల్లో ఒకదాని ముఖం తెల్లబడి ఉంది. పడవవాళ్లు తెడ్లతో పరంజా కట్టి ఆ మిగులు గీకేశారు. తర్వాత కర్రల చివర స్పాంజీ ముక్కలు కట్టి, ఆ మచ్చలు రాతి రంగులో కలిసిపోయేలా కాఫీ పూశారు! ఇప్పటి పురావస్తువేత్తలు ఒప్పుకోరేమో కానీ, ఆ శిల్పంపై ఆమెకున్న ప్రేమ నాకెంతో నచ్చింది.

1882లో ఈజిప్టు తవ్వకాల నిధి సంస్థను స్థాపించినవారిలో ఆమె ముఖ్యులు. తన పురావస్తువులను లండన్ యూనివర్సిటీ కాలేజీకి రాసి ఇచ్చారు.

ఆమె రచనలకు తెలుగు అనువాదం గానీ, పాత పత్రికల్లో వ్యాసం గానీ ఎవరైనా చూశారా? లండన్‌లో ఉన్నవారు ఆ కాలేజీకి చెందిన పీట్రీ మ్యూజియంలో ఆమె ఇచ్చిన వస్తువులు చూసి ఉంటే, ముందుగా వేటి గురించి చెప్పమంటారు? పన్నెండేళ్ల పిల్లలకు అర్థమయ్యే పుస్తకాలు తెలిసినా దయచేసి చెప్పండి.