ఇంద్రగోపం ఆరుద్ర పురుగేనా?

దేవరకొండ నుంచి: కిష్కింధాకాండ వానకాలపు శ్లోకం, "బాలేంద్రగోపాంతర చిత్రితేన విభాతి భూమిః..." దగ్గర ఆగిపోతున్నది. చివర "కంబలేన" అని గుర్తు. ఇంద్రగోపం మిణుగురా, వీపు మీద చుక్కలుండే అక్షింతల పురుగా?

కల్వకుర్తి నుంచి: రెండూ కాదు. "నారీవ లాక్షోక్షిత కంబలేన." చిలకపచ్చ కంబళి మీద ఎర్రటి లక్క చుక్కలు, అది కప్పుకున్న ఆడమనిషి లెక్క నేల. ఎర్ర చుక్క కనబడాలంటే పగలే కావాలి, మిణుగురు కుదరదు. అక్షింతల పురుగు పేనుబంక (ఆకు రసం పీల్చే చిన్న పురుగులు) పట్టిన ఆకుల మీద తిరుగుతది. శ్లోకంలో ఉన్నది నేల, లేత పచ్చిక. తొలకరికి చల్కలో, అంటే ఎర్రనేల చేనులో, పైకొచ్చేది మఖమల్ లాంటి ఎర్రటి ఆరుద్రే. కాళిదాసు కూడా ఋతుసంహారంలో ఇంద్రగోపాలను "శుక్లేతర రత్నాలు" అన్నడు. తెల్లనివి కావని చెప్పి రంగు మనకు వదిలేసిండు. లక్క అని తేల్చింది వాల్మీకే.

మిర్యాలగూడ నుంచి: ఆరుద్రను పురుగనడమే సరికాదు. ఎనిమిది కాళ్లు, సాలీడు వర్గం. పిల్లకు మాత్రం ఆరు. అది మిడతల వంటి వాటిని పట్టుకొని పీలుస్తది. పెద్దది మట్టిలో పురుగుల గుడ్లను, చెదలను తింటది. అక్షింతల పురుగు పని పైన, పత్తి ఆకుల మీద: పెద్దది రోజుకు 50 దాకా పేనుబంక పురుగులను తింటది. దాని పిల్ల నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలి లెక్క ఉంటది. శత్రువనుకొని మందు కొడితే పేనుబంక మళ్లీ పెరుగుతది. కొట్టేముందు ఆకు తిప్పి చూడాలె: పసుపు గుడ్లు నిలబెట్టినట్టు గుంపుగా ఉంటయి. అక్షింతలన్న పేరు ఆ గుడ్లదేనని నా నమ్మకం.

కల్వకుర్తి నుంచి: ఒప్పుకోను. గుడ్ల కోసం ఆకు తిప్పేదెవరు? వీపు మీది చుక్కలను చూసే పెట్టిన పేరది.

అచ్చంపేట నుంచి: ఆరుద్రలో "రు" ఎక్కడిది? నక్షత్రం ఆర్ద్ర, అధిదేవత రుద్రుడు. ఆ రుద్రుడే పేరులో చేరిండు.

దేవరకొండ నుంచి: రుద్రుడు అక్కర్లేదు సార్. పద్మం పదుమమైనట్టు, చంద్రుడు చందురుడైనట్టు ఉకారం చేరింది. ఆర్ద్ర అంటేనే తడి, కార్తె వచ్చేది జూన్ 22 ప్రాంతంలో.

అచ్చంపేట నుంచి: చందురుడిలో "ద్ర" విడిపోయింది. ఆరుద్రలో "ద్ర" అట్లనే నిలిచి, దాని ముందున్న రేఫ (ర్) విడిపోయింది. ఆ లెక్కన రెండూ ఒకటి కావు.

మిర్యాలగూడ నుంచి: సామెత చూడండి: "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు." ఆర్ద్ర అని అనిచూడండి, దారిద్ర్యంతో జోడు కుదరదు. "రు"ను కాపాడింది రైతుల నోరే.

కల్వకుర్తి నుంచి: కాపాడింది సరే, పుట్టించిందెవరు?