సగం డబ్బు కట్టిన రైఫిల్ గడువు దాటింది: ఇంకా ఆగాలా, డబ్బు వెనక్కి అడగాలా?

ఫ్రిస్కో శ్రీను
అందరికీ నమస్కారం. గ్రీన్‌కార్డు వచ్చాక నేను కొనుక్కుంటున్న మొదటి రైఫిల్ సంగతి ఇది. టెక్సాస్‌లోనే ఉన్న ఒక చిన్న వర్క్‌షాపుకి వాళ్ల వెబ్‌సైటులో ఆర్డర్ పెట్టాను. యజమాని, ఇంకో ఇద్దరు పనివాళ్లు, అంతే. 6.5 క్రీడ్‌మోర్ తూటా వాడేది, కట్ రైఫ్లింగ్ బ్యారెల్ (తూటా తిరుగుతూ వెళ్లేలా గొట్టం లోపల గాళ్లు కట్టర్‌తో గీసింది), వాల్‌నట్ స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం). సగం డబ్బు క్రెడిట్ కార్డు మీద ముందే కట్టాను. ఆగస్టు ఆఖరుకి ఇస్తామని రాసిచ్చారు. ఇప్పుడు అక్టోబరు సగం అయిపోయింది.

మొదట బ్యారెల్ రాలేదన్నారు. తర్వాత బ్యారెల్ వచ్చింది గానీ స్టాక్ పని ఉందన్నారు. ఆ తర్వాత మెయిల్ పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోన్ చేస్తే రికార్డింగే వస్తోంది. నవంబరు మొదటి శనివారం జింకల వేట సీజన్ మొదలు. లానో కౌంటీలో స్నేహితులతో కలిసి వేట కోసం తీసుకున్న స్థలం లీజుకి నా వాటా కూడా కట్టేశాను.

చిన్న తయారీదారు కదా అని ఓపిక పట్టాలా? మాట తప్పారు కాబట్టి ఆర్డర్ రద్దు చేసి డబ్బు అడగాలా? మా ఇంట్లోనే దీనిమీద రెండు అభిప్రాయాలున్నాయి. మీరేమంటారు?

కెర్‌విల్ బావ
ఆగు తమ్ముడూ. చేత్తో చేసే పనికి తేదీ చెప్పారంటే అది అంచనా మాత్రమే. మన ఊళ్లో కంసాలికి నగ ఇస్తే చెప్పిన రోజుకి చేతికొచ్చిందా ఎప్పుడైనా? నాలుగుసార్లు తిరగాల్సిందే. కానీ ఆ నగ ముప్పై ఏళ్లు మెడలో ఉంటుంది.

చిన్నవాళ్ల ఇబ్బంది కూడా చూడాలి. ఇక్కడ రైఫిల్ తయారుచేసి అమ్మేవాళ్లు 11 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను కట్టాలి. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద ఆ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకి పోతుంది. ఏడాదికి 50 కంటే తక్కువ తుపాకులు చేసేవాళ్లకి మాత్రం ఆ పన్ను లేదు. ఆర్డర్లు పెరిగాయని ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని 50కి చేరితే ఆ వెసులుబాటు పోతుంది. అందుకే కొందరు కావాలనే చిన్నగా ఉండిపోతారు. అలాంటి చోట ఒక్క మనిషి జ్వరంతో పడుకున్నా అందరి ఆర్డర్లూ వెనక్కి పోతాయి. నీలాంటి నలుగురు ఒకేసారి డబ్బు వెనక్కి అడిగితే ఆ షాపు మూతపడుతుంది. రేపు మనకి మంచి రైఫిల్ చేసిచ్చేవాడే ఉండడు.

సీజన్‌కి అంటావా, లీజులో ఎవరిదో ఒక రైఫిల్ అడిగి తీసుకో. జింక నీ రైఫిల్ ఎవరు చేశారో అడగదు.

ఇర్వింగ్ లక్ష్మి
బావగారూ, కంసాలి మన వీధిలోనే ఉంటాడు. వెళ్లి గుమ్మంలో కూర్చుంటే బయటికొచ్చి ఏదో ఒకటి చెప్పక తప్పదు. ఇక్కడ డబ్బు తీసుకున్న మనిషి ఫోనే ఎత్తట్లేదు. ఆలస్యం వేరు, ముఖం చాటేయడం వేరు. ఈ రెండింటినీ మీరు ఒకే గాటన కట్టేస్తున్నారు.

శ్రీను గారూ, మీరు ఇంటర్నెట్‌లో ఆర్డర్ పెట్టారు కాబట్టి మీకు ఎఫ్‌టీసీ (కొనుగోలుదార్ల రక్షణ చూసే ఫెడరల్ సంస్థ) మెయిల్ ఆర్డర్ రూల్ వర్తిస్తుంది. అదే షాపుకి స్వయంగా వెళ్లి రాయించుకుని ఉంటే వర్తించేది కాదు. రూలు ఏమంటుందంటే, అమ్మేవాడు చెప్పిన గడువులో పంపాలి. గడువేమీ చెప్పకపోతే 30 రోజులు. పంపలేకపోతే ఆ సంగతి తనే ముందుగా మీకు చెప్పాలి, ఆగుతారా రద్దు చేసుకుంటారా అని అడగాలి. కొత్త తేదీ 30 రోజుల లోపు అయితే మీరు జవాబివ్వకపోయినా ఒప్పుకున్నట్టే లెక్క. అంతకన్నా ఎక్కువైనా, తేదీయే చెప్పలేకపోయినా మీ ఒప్పుకోలు స్పష్టంగా ఉండాలి. లేదంటే ఆర్డర్ రద్దు చేసి డబ్బు తిరిగివ్వాలి. అడుక్కోవాల్సిన పని కాదిది, మీ హక్కు.

షాపు మూతపడుతుందన్న మాటకి కూడా జవాబు చెప్పాలి. షాపు దివాలా తీస్తే అడ్వాన్సు కట్టినవాళ్లు అప్పులవాళ్ల వరుసలో నిలబడాలి, ఆ వరుసలో ముందు బ్యాంకులుంటాయి. జాలిపడి ఆగినవాడికే అందరికంటే ఎక్కువ నష్టం. నేనైతే రేపే రద్దు చేస్తాను.

ఫోర్ట్‌వర్త్ లేత్‌మేస్త్రి
ఇద్దరి మాటల్లోనూ పని గురించి ఒక్క ముక్క లేదు, అందుకని రాస్తున్నాను. నేను మెషీన్ షాపులో చేస్తాను, బ్యారెల్ పనులు దగ్గరగా చూశాను.

కట్ రైఫ్లింగ్‌లో చిన్న కట్టర్ బ్యారెల్ లోపల గాడిని కొద్దికొద్దిగా గీస్తూ పోతుంది. ఒక్కసారి లాగితే లేచే లోహం అంగుళంలో పదివేలో వంతు దరిదాపుల్లో ఉంటుంది. గాడి లోతు వేలో వంతులు నాలుగు కావాలి. గాళ్లు నాలుగో అయిదో ఉంటాయి. ఒక్క బ్యారెల్‌కి ఎన్నిసార్లు లాగాలో మీరే లెక్కేసుకోండి. ఇలా చేసే కంపెనీలు తక్కువ, వాళ్ల దగ్గర క్యూ ఎప్పుడూ ఉంటుంది. చిన్న షాపులు చాలావరకు ఆ బ్యారెల్‌ని వాళ్ల దగ్గరే కొంటాయి. కాబట్టి "బ్యారెల్ రాలేదు" అన్నది అబద్ధం కానక్కర్లేదు.

ఆ తర్వాత పని షాపులోదే. రీమర్ అనే కోత పనిముట్టుతో ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) కోసి, హెడ్‌స్పేస్ (బోల్టు మూస్తే తూటాకి లోపల ఉండే చోటు కొలత) చూస్తారు. గో గేజ్ అనే కొలత ముక్క పెడితే వెనక మూసే బోల్టు మూసుకోవాలి, నో-గో గేజ్ పెడితే మూసుకోకూడదు. ఇక్కడ తొందరపడితే కాల్చేవాడి ముఖానికే ప్రమాదం. వాల్‌నట్ సరిగ్గా ఆరకుండా చెక్కితే తర్వాత వంగి బ్యారెల్‌ని ఒరుసుకుంటుంది. ఈ రెండు పనుల్లో ఆలస్యమైతే నేను పట్టించుకోను.

శ్రీను గారూ, "ఎప్పుడిస్తారు" అని అడక్కండి. ఆ ప్రశ్నకి ఎవరైనా "త్వరలో" అనే అంటారు. నా ఆర్డర్‌కి కేటాయించిన రిసీవర్ (బ్యారెల్ బిగించే, బోల్టు కదిలే లోహపు భాగం) సీరియల్ నంబరు ఎంత, ఛాంబర్ పని అయిందా, నా స్టాక్ చెక్క ఏది, ఇవి అడిగి ఫోటోలు పంపమనండి. నిజంగా పని చేస్తున్నవాడు అయిదు నిమిషాల్లో ఫోన్‌తో తీసి పంపుతాడు. సీరియల్ నంబరే చెప్పలేకపోతే మీ డబ్బు ఎవరిదో పాత ఆర్డర్ పూర్తి చేయడానికి వాడేశారేమోనని అనుమానించాలి. అప్పుడు మాత్రం లక్ష్మి గారు చెప్పిందే చేయండి.

ప్లేనో కిరణ్
ఇది హెచ్‌1బి మీద ఉన్నవాళ్ల కోసం. మనకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ ఉండకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు మినహాయింపు ఉంటేనే కొనగలం. టెక్సాస్ వార్షిక లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. రైఫిల్ నేరుగా ఇంటికి రాదు, లైసెన్సున్న డీలర్ దగ్గరికి వస్తుంది. అక్కడ తుపాకీ తీసుకునేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం 4473 నింపే రోజున మీ హంటింగ్ లైసెన్సు బతికుండాలి. వేసవిలో రావాల్సిన రైఫిల్ సెప్టెంబరుకి జరిగితే, ఆర్డర్ రోజున ఉన్న లైసెన్సు తీసుకునే రోజుకి పనికిరాదు. ఆలస్యం అంటే మాకు ఓపిక ఒక్కటే సమస్య కాదు. అందుకే హెచ్‌1బి వాళ్లు చిన్న షాపులకి ఆర్డరివ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం. దుకాణంలో ఉన్నది చూసి కొనుక్కోవాలి.

కెర్‌విల్ బావ
కిరణ్, లైసెన్సు రెన్యువల్ ఆన్‌లైన్లో చిటికెలో అయ్యే పని. దానికోసం షాపుల్నే వదులుకుంటామా?

లక్ష్మమ్మా, చట్టం నువ్వు చెప్పినట్టే ఉంది, కాదనను. కానీ ప్రతిదానికీ చట్టం తీస్తే మనవాళ్లంటే చేతి పనివాళ్లు భయపడతారు.

గచ్చిబౌలి నుంచి రమ
నేను అమెరికాలో లేను. మా అబ్బాయి ఇక్కడ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడతాడు. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్‌కి పతకం వచ్చాక మా హైదరాబాదులో ఎంతమంది పిల్లలు ఈ ఆటలోకి వచ్చారో చెప్పలేను. మా వాడి రైఫిల్ జర్మనీ నుంచి రావాలి, ఎదురుచూపు మాకూ అలవాటే.

ఎదురుచూపు సంగతి అలా ఉంచితే, రైఫిల్ చేతికొచ్చిన రోజే ఆట మొదలవదు. ఇక్కడ స్టాక్‌ని పిల్లాడి భుజానికి, చెంపకి సరిచేయాలి. ఏ పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో వాడే చిన్న గుండు) ఆ బ్యారెల్‌కి బాగా నప్పుతుందో కాల్చి చూడాలి. శ్రీను గారూ, మీ రైఫిల్ అక్టోబరు 30న వచ్చినా గురి చూసే సైట్లు సరిచేసుకోకుండా, నాలుగు రకాల తూటాలు కాల్చి చూసుకోకుండా ఒక ప్రాణి మీద గురిపెట్టడం న్యాయం కాదు. గాయంతో పారిపోయిన జింకకి మీ ఆర్డర్ ఆలస్యమైందని తెలియదు కదా. ఈ సీజన్ ఆశ వదిలేసి నిర్ణయం తీసుకోండి. అప్పుడు షాపు మీద తొందర పెట్టాల్సిన పనీ తగ్గుతుంది.

ఫ్రిస్కో శ్రీను
అందరికీ కృతజ్ఞతలు. రమ గారి మాటతో నవంబరు గొడవ తీరిపోయింది. నా స్నేహితుడి రైఫిల్‌తోనే వెళ్తాను, దాంతో రేంజిలో ఇప్పటికే కాల్చాను.

మేస్త్రి గారు చెప్పిన ప్రశ్నలతో మెయిల్ పెట్టాను. ఈసారి జవాబొచ్చింది. రిసీవర్ ఫోటో వచ్చింది, సీరియల్ నంబరు కనిపిస్తోంది. బ్యారెల్ బిగించి ఉంది. స్టాక్ మాత్రం ఇంకా పలకలాగే ఉంది, అంచున పెన్సిల్‌తో నా పేరు రాసి ఉంది. చెక్క పని చేసే మనిషి పని మానేశాడని, ఆ సంగతి చెప్పడానికి మొహం చెల్లలేదని యజమాని రాశారు. నేను ఆగుదామనే అనుకుంటున్నాను. మిగతా సగం డబ్బు మాత్రం రైఫిల్ డీలర్ దగ్గరికి చేరాకే కడతానని రాశాను, ఒప్పుకున్నారు.

ఇర్వింగ్ లక్ష్మి
ఆగడం మీ ఇష్టం. నేను మాత్రం ఇంకా రద్దు చేయాలనే అంటాను. మొహం చెల్లకపోవడం ఫోన్ ఎత్తకపోవడానికి కారణం కాకూడదు.

ఆగేటట్టయితే ఒక్క పని చేయండి. కొత్త తేదీ రాతలో తీసుకోండి. "అయినప్పుడు ఇవ్వండి" అని మీరు రాసేస్తే తర్వాత మీ చేతిలో ఏమీ ఉండదు. ఆ తేదీ పెట్టే ముందు కార్డు బ్యాంకుకి ఫోన్ చేయండి. వస్తువు అందలేదన్న ఫిర్యాదుకి చట్టంలో 60 రోజుల గడువుంది, అది బిల్లు పంపిన రోజు నుంచి లెక్క. కొన్ని బ్యాంకులు అందాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టి ఇంకొంత సమయం ఇస్తాయి. మీ బ్యాంకు ఏ తేదీ వరకు ఇస్తుందో కనుక్కుని, షాపుకిచ్చే కొత్త గడువు దానికి లోపలే ఉండేలా చూసుకోండి.