మణిపూర్ పాపను ‘చైనా’ అని ఏడిపిస్తున్న మా బాబుకి ఎలా చెప్పాలి?

మేం హైదరాబాద్‌లో ఉంటాం. బాబుకి ఐదేళ్లు, యూకేజీ. జూన్‌లో మా అపార్ట్‌మెంట్‌లోకి ఇంఫాల్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. సాయంత్రం ఆటల్లో మావాడు, ఇంకొందరు పిల్లలు కలిసి వాళ్ల పాపను ‘చైనా, చైనా’ అంటున్నారు, కళ్లు పక్కకి లాగి చూపిస్తున్నారు. ఆ పాప కిందికి రావడమే తగ్గించేసింది. చాలా బాధగా ఉంది.

మణిపూర్ మన దేశంలోనే ఉందని మ్యాప్‌లో చూపించాను. టోక్యో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చిన మణిపూర్ వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చాను వీడియో పెడితే కళ్లార్పకుండా చూశాడు. కానీ నిజంగా చైనా పాపైనా అలా ఏడిపించకూడదు కదా, అది మ్యాప్‌తో అర్థం కాదు. మందలిస్తే నా ఎదుట మాత్రమే మానేశాడు. పాపను ఇంటికి పిలిస్తే ఇద్దరూ చక్కగా ఆడుకున్నారు, గుంపులో చేరగానే మళ్లీ మొదలు.

ఐదారేళ్ల పిల్లలు గుంపుగా ఇలా చేస్తున్నప్పుడు, ఆ పాపకి ఇంకా ఇబ్బంది కలగకుండా, అక్కడికక్కడే వాళ్లకి ఏం చెబితే పనిచేస్తుంది?